రవియోలి ప్యాకెట్ వెనక పట్టికను మన కంచం లెక్కలోకి మార్చుకోవడం ఎలా?

మా ఆడబిడ్డ కొడుకు జర్మనీలో చదువుతున్నాడు. పోయిన సంక్రాంతికి హనుమకొండ వచ్చినప్పుడు ఎండు టోర్టెల్లిని ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. రవియోలి లాగే అది కూడా లోపల పూర్ణం పెట్టి మడిచే ఇటలీ పాస్తా. ఉడకబెట్టి కంచంలో పెడితే మా అత్తమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది మన గరిజె లెక్కనే ఉన్నది గద బిడ్డా, లోపల ఏం పెట్టిండ్రు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మకు షుగర్, మా ఆయనకు బీపీ. ఇంట్లో చేసిన గరిజెలో ఎంత బెల్లం, ఎంత కొబ్బరి వేశామో మనకు తెలుసు. ప్యాకెట్‌లో వచ్చే గరిజె లోపలి సంగతి వెనక ముద్రించిన చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. అప్పటినుంచి ఆ అక్షరాలు చదవడం అలవాటైంది. ఇప్పుడు హనుమకొండలో కూడా పెద్ద సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో రవియోలి దొరుకుతోంది, పిల్లలు అడుగుతున్నారు. కొనే ముందు, వండే ముందు ఏం చూడాలో వరసగా చెబుతాను. ఒక పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్, వీలైతే వంటింటి కాంటా దగ్గర పెట్టుకోండి.

కొనేటప్పుడు చేతితో చూడండి

లేబుల్ చదవడానికి ముందు ప్యాకెట్‌ను నొక్కి చూడండి. ఫ్రీజర్ రకమైతే ముక్కలు విడివిడిగా గలగలలాడాలి. అన్నీ కలిసి ఒకే గడ్డగా ఉంటే, లోపల మంచు పొడి పేరుకుని ఉంటే, అది ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఫ్రిజ్‌లో పెట్టే తాజా రకమైతే ప్యాకెట్ ఉబ్బి ఉండకూడదు. నేనొకసారి ఉబ్బిన ప్యాకెట్ తెచ్చుకున్నాను. గాలి నింపి ప్యాక్ చేస్తారు కదా అనుకున్నాను. ఇంటికొచ్చి కత్తెర పెట్టగానే పుల్లటి వాసన. తర్వాత ఆ షాపులోనే పనిచేసే అబ్బాయి మెల్లగా చెప్పాడు, రాత్రిపూట ఫ్రిజ్ బంద్ చేస్తారని. తాజా రకం 4 డిగ్రీల లోపు, ఫ్రీజర్ రకం మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎండాకాలంలో మన కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో నేను ఎండు రకం తప్ప కొనను.

తేదీలో ఒక తేడా ఉంది. 'యూజ్ బై' అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు. 'బెస్ట్ బిఫోర్' అని ఉంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం.

రంగు గుర్తు దగ్గర ఆగండి

మన దేశంలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. ముందువైపు పాలకూర, చీజ్ బొమ్మలే ఉన్నా వెనక త్రికోణం కనిపించవచ్చు, కంగారు పడకండి. పాస్తా పిండిలో గుడ్డు కలిపి ఉంటుంది. మన నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందికే వస్తుంది. మా అత్తమ్మ గుడ్డు తింటుంది కానీ శనివారం ముట్టదు. అందుకే మా ఇంట్లో ఈ గుర్తు చూడటం ఆరోగ్యం లెక్క కన్నా ముందొచ్చే పని.

విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన ప్యాకెట్ మీద ఈ గుర్తులు ఉండవు. అప్పుడు పదార్థాల జాబితాలో వెతకాలి. ఫోన్ కెమెరా పెడితే అనువాదం వచ్చేస్తుంది. యూరప్ ప్యాకెట్లలో అలర్జీ కలిగించే పదార్థాలను, అంటే గోధుమ, గుడ్డు, పాలు లాంటివాటిని, బొద్దు అక్షరాల్లోనో మరో రకంగా కొట్టొచ్చినట్టో వేస్తారు. కాబట్టి గుడ్డు వెంటనే కనబడుతుంది. కనబడనిది చీజ్‌లో ఉంటుంది. పార్మిజానో రెజానో అనే గట్టి చీజ్‌ను తయారుచేసేటప్పుడు పాలను విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు, అది దాని నియమం. పూర్తి శాకాహారులు ఆ పేరు కనిపిస్తే పక్కన పెట్టాల్సిందే.

'మీట్' అని మాత్రమే రాసి ఉంటే చికెన్ అనుకోకండి. టోర్టెల్లిని పుట్టిల్లు ఇటలీలోని బొలోన్యా ప్రాంతం. అక్కడి వాణిజ్య మండలిలో 1974 డిసెంబర్ 7న నమోదు చేసిన అసలు వంటకంలో పూర్ణానికి పంది మాంసం, పంది తొడతో చేసే ప్రొషూటో, పంది మాంసంతోనే చేసే మోర్టడెల్లా సాసేజ్, పార్మిజానో, గుడ్డు, జాజికాయ వేస్తారు. ఏ మాంసమో పేరుతో రాసి లేకపోతే పంది మాంసం తిననివాళ్లు ఆ ప్యాకెట్ కొనకపోవడమే మంచిది.

పదార్థాల జాబితాలో శాతాలను గ్రాములు చేయండి

జాబితాలో ఏది ముందుంటే అది బరువులో ఎక్కువ. మొదటిది చాలాసార్లు గోధుమ పిండే. దురుమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వ అని ఉంటే ఉడికాక గట్టిగా నిలుస్తుంది. మైదా అని ఉంటే మెత్తబడుతుంది, తొందరగా విచ్చుకుంటుంది.

అసలు కథ పూర్ణంలో ఉంది. నేను హనుమకొండలో కొన్న 250 గ్రాముల రవియోలి ప్యాకెట్ ముందువైపు నిండా పాలకూర కట్ట, పక్కన తెల్లటి రికోటా చీజ్ ముద్ద. వెనక చూస్తే: పూర్ణం 40 శాతం. ఆ పూర్ణంలో రికోటా 30 శాతం, పాలకూర 10 శాతం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ 10 శాతం మొత్తం ప్యాకెట్‌లో కాదు, పూర్ణంలో. లెక్క వేయండి. 250లో 40 శాతం అంటే పూర్ణం 100 గ్రాములు. అందులో రికోటా 30 గ్రాములు, పాలకూర 10 గ్రాములు. కుమార్‌పల్లి మార్కెట్‌లో కొన్న కట్టలోంచి తీసి కాంటా మీద పెట్టి చూశాను. పది గ్రాములకు పెద్ద ఆకులు మూడు వచ్చాయి. ఇంటిల్లిపాదికీ కలిపి మూడు ఆకులు!

మరి మిగతా 60 గ్రాముల పూర్ణం ఏమిటి? జాబితా చదువుతూ పోతే తెలుస్తుంది: బ్రెడ్ పొడి, ఆలుగడ్డ పొడి, పాల విరుగుడు తేటను ఎండబెట్టిన పొడి, నూనె, ఉప్పు. ఇవేవీ విషాలు కావు. మనం కూడా కట్‌లెట్ విడిపోకుండా బ్రెడ్ పొడి కలుపుతాం. కాకపోతే చీజ్, ఆకుకూర తింటున్నాం అనుకుని తింటున్నది పిండిలో చుట్టిన పిండి అని తెలిసి ఉండాలి. రెండు ప్యాకెట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే పూర్ణం శాతం, అందులో అసలు సరుకు శాతం ఎక్కువున్నది తీసుకోండి. ఈ శాతాలు పూర్ణంలోనివో మొత్తంలోనివో లేబుల్ మీదే రాసి ఉంటుంది, ఆ ఒక్క పదం కోసం వెతకండి.

ఇప్పుడు పట్టిక

నా ప్యాకెట్‌లో 100 గ్రాములకు ఇలా ఉంది: శక్తి 280 కిలోక్యాలరీలు, ప్రొటీన్ 10.5 గ్రాములు, పిండిపదార్థాలు 38 గ్రాములు, అందులో చక్కెరలు 3 గ్రాములు, కొవ్వు 9 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 4.5 గ్రాములు, పీచు 2.5 గ్రాములు, సోడియం 480 మిల్లీగ్రాములు. తాజా, ఫ్రీజర్ రకాలు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి. మీ ప్యాకెట్ అంకెలు మీరు రాసుకోండి.

ఈ పట్టిక మూడు చోట్ల మోసం చేస్తుంది. అంకెలు తప్పని కాదు, మనం చదివే తీరులో.

మొదటిది చక్కెర. మా పక్కింటావిడ ప్యాకెట్ చూసి "షుగర్ 3 గ్రాములేనాయె, అమ్మకు ఏం గాదు" అంది. ఆ 3 గ్రాములు చాలావరకు పాలలోని సహజ చక్కెర. కానీ రక్తంలో షుగర్ పెంచేది ఆ గీత కాదు, దాని పైనున్న 38. పిండి కూడా కడుపులో చివరికి గ్లూకోజే అవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు చూడాల్సింది మొత్తం పిండిపదార్థాల గీత. తెల్లన్నం మీద చక్కెర సున్నా అని రాసినా తప్పు కాదు మరి!

రెండోది ఉప్పు. మన ప్యాకెట్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, యూరప్ ప్యాకెట్ల మీద ఉప్పు గ్రాముల్లో ఉంటుంది. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 480ని రెండున్నరతో గుణిస్తే 1200 మిల్లీగ్రాములు, అంటే 1.2 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం లేబుళ్లలో వేసే రోజువారీ శాతాలకు ఆధారం కూడా అదే, రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం. ఆవకాయ, అప్పడం ఉన్న ఇంట్లో ఆ 5 గ్రాములు మధ్యాహ్నానికే అయిపోతాయి.

మూడోది ఎండు రకానికీ తాజా రకానికీ పోలిక. జర్మనీ టోర్టెల్లిని పట్టికలో 100 గ్రాములకు 380 కిలోక్యాలరీలు, ప్రొటీన్ 14, ఉప్పు 1.6 గ్రాములు. చూడగానే ఇది బరువైన తిండి, ప్రొటీన్ కూడా ఎక్కువ అనిపిస్తుంది. రెండూ తప్పే. దాన్లోంచి నీళ్లు తీసేశారు, అంతే. నిజమైన పోలికకు ప్రొటీన్ అంకెను క్యాలరీలతో భాగించి 100తో గుణించండి. తాజా దాంట్లో ప్రతి 100 కిలోక్యాలరీలకు ప్రొటీన్ 3.75 గ్రాములు, ఎండు దాంట్లో 3.7. ఉప్పు తీసుకున్నా 0.43, 0.42. రెండూ అన్నదమ్ములే. రెండు కంపెనీల సరుకును పోల్చాలన్నా ఈ లెక్కే వాడండి, తడి ఎంతున్నా తేడా రాదు.

అమెరికా నుంచి వచ్చిన ప్యాకెట్ అయితే ఇంకో తిరకాసు. అక్కడ అంకెలు ఒక సర్వింగ్‌కు, అంటే ఒక మనిషి ఒకసారి తినే కొలతకు ఇస్తారు, పైన దాని బరువు గ్రాముల్లో ఉంటుంది. ముందు దాన్ని 100 గ్రాములకు మార్చుకోవాలి. పిండిపదార్థాల మొత్తంలో అక్కడ పీచును కూడా కలిపే చూపిస్తారు, యూరప్‌లో విడిగా చూపిస్తారు.

ముక్కలు లెక్కపెట్టి తూచండి

వంద గ్రాముల లెక్కతో ఇంట్లో ఎవరూ తినరు. 'నాకు పది వెయ్యి' అంటారు. అందుకే ముక్కకు ఎంతో తెలుసుకోవాలి.

ఉడకబెట్టక ముందే ప్యాకెట్‌లో ముక్కలన్నీ లెక్కపెట్టండి. మాకు 22 వచ్చాయి. 250ని 22తో భాగిస్తే ఒక్కోటి 11 గ్రాముల చిల్లర. ఒక్క ముక్కను కాంటా మీద పెడితే చిన్న కాంటాలు సరిగ్గా చూపించవు, పది కలిపి పెట్టండి. నాకు 114 గ్రాములు చూపించింది. పది ముక్కలకు లెక్క కడితే 320 కిలోక్యాలరీలకు కాస్త తక్కువ, పిండిపదార్థాలు 43 గ్రాములు, ప్రొటీన్ 12 గ్రాములు, కొవ్వు 10 గ్రాముల పైచిలుకు, ఉప్పు దాదాపు 1.4 గ్రాములు.

ఈ తూకం పచ్చివాటికే చేయాలి. లేబుల్ మీద 'వండిన తర్వాత' అని ప్రత్యేకంగా రాయకపోతే ఆ అంకెలు ప్యాకెట్‌లో ఉన్నదానికే వర్తిస్తాయి. ఉడికాక ముక్కలు నీళ్లు తాగి బరువెక్కుతాయి, ఎండు రకమైతే రెట్టింపు దాటుతాయి. ఉడికిన 200 గ్రాములను తూచి 380ని రెండుతో గుణిస్తే 760 వస్తుంది. ఆ అంకె చూసి భయపడి తినడం మానేసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు, పేరు చెప్పను, కానీ బీపీ గోళీలు వేసుకుంటాడు.

ప్యాకెట్ మీద 'సర్వింగ్' అని రాసిన బరువును నమ్మకండి. అది తయారీదారు అనుకున్న లెక్క. 250 గ్రాముల దాంట్లో రెండున్నర సర్వింగ్‌లు అంటారు. మిగిలిన అర ఎవరు తినాలి? మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ప్యాకెట్ ఖాళీ చేస్తారు. అంటే తలా 350 కిలోక్యాలరీలు, ఒకటిన్నర గ్రాముల ఉప్పు.

అన్నంతో పక్కపక్కన పెట్టి చూడండి

పది రవియోలికి వచ్చే క్యాలరీలు 250 గ్రాముల ఉడికిన అన్నానికి వచ్చే క్యాలరీలతో ఇంచుమించు సమానం. అంత అన్నంలో పిండిపదార్థాలు 70 గ్రాములు, ప్రొటీన్ ఏడు గ్రాముల లోపు. రవియోలిలో పిండి 43, ప్రొటీన్ 12. అంటే ఉత్త అన్నం కన్నా నయమే. కానీ మనం ఉత్త అన్నం తినం కదా, పప్పు, కూర, పెరుగు కలుపుకుంటాం. వాటితో వచ్చే పీచు, ప్రొటీన్ ముందు రవియోలి వెనకబడుతుంది. అన్నంలో ఉప్పు ఉండదు, సంతృప్త కొవ్వూ ఉండదు. ఈ పదిలో సంతృప్త కొవ్వు 5 గ్రాములు. లేబుల్ లెక్క ప్రకారం రోజు పరిమితి 22 గ్రాములు, అంటే దాదాపు పావు వంతు.

అత్తమ్మకు నేను ఆరు పెడతాను. పిండిపదార్థాలు 26 గ్రాములు. ఆ పూట అన్నం గానీ జొన్నరొట్టె గానీ పెట్టను. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పిండిపదార్థాల గ్రాములను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి అడగండి, నా ఆరు మీకు వర్తించకపోవచ్చు.

వండేటప్పుడు అంకెలు పెరగనివ్వకండి

పాస్తా ఉడికే నీళ్లలో లీటరుకు పది గ్రాముల ఉప్పు వేయాలని వంటల వీడియోల్లో చెబుతారు. మామూలు పాస్తాకు అది సరే, దానిలో ఉప్పు ఉండదు. రవియోలి పూర్ణంలో ఉప్పు ముందే ఉంది, నీళ్లలో అసలు వేయకండి. నీళ్లు తెర్లుతున్నప్పుడు వేసి, మంట తగ్గించండి, లేకపోతే అంచులు విచ్చుకుని పూర్ణమంతా నీళ్లపాలవుతుంది. తాజావి మూడు నుంచి ఐదు నిమిషాల్లో పైకి తేలుతాయి. ఫ్రీజర్‌వి కరిగించకుండా నేరుగా వేయాలి.

సీసా సాస్ పోస్తే ఇంతసేపు కట్టిన లెక్క పోయినట్టే. దాని వెనక కూడా సోడియం గీత ఉంటుంది, చదివితే చాలాసార్లు సీసా తిరిగి షాపులో పెట్టేస్తారు. వైట్ సాస్ గురించి చెప్పనక్కర్లేదు, వెన్న, మైదా, మళ్లీ చీజ్.

బొలోన్యాలో టోర్టెల్లినిని సాస్‌తో కాకుండా మాంసం ఉడికించిన చారులో వేసుకుని తింటారు. ఆ మాట తెలిశాక నేను పల్చటి పెసరకట్టులో వేసి చూశాను. పెసరపప్పు మెత్తగా ఉడికించి, నీళ్లు ఎక్కువ పోసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిరియాలు, జీలకర్ర, చారెడు టమాట ముక్కలు, ఉప్పు బదులు నిమ్మరసం. దాంట్లో పాలకూర కట్ట మొత్తం తరిగి వేశాను, ప్యాకెట్ బొమ్మలో చూపించిన కట్ట అదేనని పిల్లలకు చెప్పి మరీ. మనిషికి ఆరేసి రవియోలి సరిపోయాయి, కడుపు నిండింది. అత్తమ్మ రెండో గిన్నె కట్టు అడిగింది, రవియోలి అడగలేదు.

మిగిలినవి దాచేటప్పుడు

తెరిచిన తాజా ప్యాకెట్‌ను డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: డబ్బాలోకి మార్చగానే కవర్ చెత్తబుట్టలో వేస్తారు, పట్టిక, తేదీ దాంతోపాటే పోతాయి. వెనక భాగం కత్తిరించి డబ్బా మూతకు టేపుతో అతికించండి. పైన మార్కర్‌తో తెరిచిన తేదీ, ముక్కకు ఎన్ని క్యాలరీలు, ఎంత పిండి అని రాయండి. మా డబ్బా మీద '1 = 32, పిండి 4' అని ఉంటుంది.